కుక్కపిల్ల నడక తేడాగా ఉందా? ఏ కాలో, ఎందుకో ఇంటి దగ్గరే పట్టుకోవడం ఎలా

కుంటుతోందని పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తే చాలాసార్లు అక్కడ అది కుంటదు. కొత్త చోటు, కొత్త వాసనలు, పక్కన అరిచే వేరే కుక్కలు. ఆ భయంలో నొప్పి మింగేసి నాలుగు కాళ్ల మీదా బిగుసుకుని నిలబడుతుంది. డాక్టరు బల్ల మీద చూసేది ఆ బిగుసుకున్న కుక్కని. అసలు నడక కనిపించేది ఇంటి దగ్గర, కాబట్టి దాన్ని పట్టుకోవాల్సిందీ మీరే. ఆరు వారాల నుంచి ఏడాదిన్నర లోపు పిల్లలకి ఈ పద్ధతి పనికొస్తుంది. లాబ్రడార్ అయినా, పమేరియన్ అయినా, వీధిలోంచి తెచ్చుకున్న నాటుపిల్ల అయినా చూసే తీరు ఒకటే.

ముందుగా, చూస్తూ కూర్చోకుండా బయల్దేరాల్సిన సందర్భాలు. కాలు అసలు నేలకి ఆనించకపోయినా, ఎముక వంకర పోయినా, వెనక కాళ్లు ఈడుస్తున్నా, నిలబెడితే కూలబడుతున్నా ఆ పూటే వెళ్లండి. సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు చేలోకి వెళ్లొచ్చిన పిల్ల ఉన్నట్టుండి తూలితే పాము కాటేమో అని మొదట అనుమానించాలి. రక్తపింజర కరిస్తే కాలు వాచి కనిపిస్తుంది. కట్లపాము కరిస్తే వాపు ఉండదు, గాటు కూడా దాదాపు కనబడదు. వెనక కాళ్లు తూలడంతో మొదలై ఊపిరి దాకా వెళ్తుంది. తాడు కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. బుట్టలోనో అట్టపెట్టెలోనో పడుకోబెట్టి, విరుగుడు మందు ఎక్కడ ఉందో ఫోన్లో కనుక్కుంటూ బయల్దేరండి.

ఇంకొకటి. రేబిస్ టీకా పడని పిల్ల తూలుతూ, చొంగ కారుస్తూ, దవడ వేలాడేసి, గొంతు మారి అరుస్తుంటే దాని నోట్లో చెయ్యి పెట్టకండి, గొంతులో ఏదో అడ్డుపడిందని వెతకకండి. గదిలో పెట్టి తలుపేసి డాక్టరుకి ఫోన్ చేయండి. చొంగ అంటితే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడుక్కుని, కుక్కకాటుకి సూది వేసే ఆసుపత్రికి వెళ్లండి. ఇవేవీ కావని తేలాకే కింది పని మొదలుపెట్టాలి.

మొదటి పని: దానికి తెలియకుండా చూడండి

తెల్లవారి మీరు తలుపు తీసేసరికి అది ఎలా లేస్తోందో చూడండి. ముందు కాళ్లతో లేచి వెనక భాగాన్ని తర్వాత లాక్కుంటోందా? లేచాక మొదటి పది అడుగులు బిర్రుగా వేసి, తర్వాత మామూలుగా నడుస్తోందా? అలా అయితే కీలు మీద అనుమానం. ఉదయం బాగానే ఉండి, సాయంత్రం ఆడొచ్చాక కుంటితే అది వేరే సంగతి. రెండూ రాసుకోండి, డాక్టరు మొదట అడిగేది ఇదే. మేడ మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కో కాలూ వేస్తోందా, వెనక కాళ్లు రెండూ కలిపి గెంతుతోందా? వీధి అరుగు మీంచి దూకబోయి ఆగిపోతోందా? దొడ్డికి కూర్చున్నప్పుడు ఒక పక్కకి ఒరుగుతోందా?

మూడు నెలల నుంచి ఆరు నెలల మధ్య పిల్ల నడక ఎలాగూ అందంగా ఉండదు. వెనక భాగం ముందు పెరిగి నడుము వంగినట్టు కనిపిస్తుంది, కాళ్లు తడబడతాయి, కూర్చున్నప్పుడు కాలు పక్కకి చాపుతుంది. అలసిపోతే ఒక పక్క కాళ్లు రెండూ కలిపి వేస్తూ ఊగుతూ నడుస్తుంది. రెండు పక్కలా ఒకేలా ఉండి, అప్పుడప్పుడూ మాత్రమే కనిపించే వంకరకి కంగారు అక్కర్లేదు. రోజూ కనిపించేది, ఒకే పక్క కనిపించేది, వారంలో పెరిగేది, ఈ మూడింట్లో ఏదైనా లెక్కలోకి తీసుకోవాలి.

రెండో పని: నేల, తాడు, ఫోను

టైల్సు మీద, గ్రానైటు మీద చూడకండి. వాటి మీద ఏ జబ్బూ లేని పిల్ల కూడా కాళ్లు ఎడం చేసి జారుతూ నడుస్తుంది. గతుకుల పుంత కూడా పనికిరాదు. బండ్లు తిరగని వేళ పంచాయతీ సిమెంటు రోడ్డు, బడి ఆవరణ, గట్టిపడిన కళ్లం మంచివి. తిన్నగా ఓ 15 మీటర్లు ఉంటే చాలు. వేసవిలో ఎండ ఎక్కకముందే ముగించండి. సిమెంటు మీద చేతి వెనక వైపు 7 సెకన్లు ఆనించలేకపోతే కుక్క కూడా నడవలేదు. అరికాళ్లు మండి కాళ్లు ఎత్తెత్తి వేస్తే మీరు దాన్నే జబ్బనుకుంటారు.

ఛాతీ బెల్టు తీసేసి మెడకి మామూలు పట్టీ కట్టండి. పిల్లకి అలవాటైన మనిషి తాడు వదులుగా పట్టుకుని నడిపించాలి. తాడు బిగుసుకుంటే తల ఊపు కనబడదు, మీరు వెతికేది ముఖ్యంగా ఆ ఊపే. రెండో మనిషి గొంతుక్కూర్చుని ఫోనుని కుక్క నడుము ఎత్తులో అడ్డంగా పట్టుకోవాలి. నిలబడి పైనుంచి తీసిన వీడియోలో వీపు తప్ప ఏమీ తెలియదు. ఎదురుగా వస్తున్నట్టు ఒకటి, దూరంగా వెళ్తున్నట్టు ఒకటి, రెండు పక్కల నుంచీ ఒక్కొక్కటి తీయండి. ఒక్కోటి 10 సెకన్లు చాలు. ముందు మామూలు నడక, తర్వాత నెమ్మది పరుగు. ఆ నెమ్మది పరుగులో ముందు కుడి కాలూ వెనక ఎడమ కాలూ ఐమూలగా ఒకేసారి పడతాయి, తర్వాత మిగతా రెండూ. టిక్ టిక్ అని సమంగా రెండు దెబ్బలు వినిపించాలి. ఒక దెబ్బ మెల్లగా పడుతుంటే అక్కడ బరువు పూర్తిగా మోపడం లేదన్నమాట. పూర్తి వేగంతో పరిగెత్తించొద్దు. దౌడులో కుంటు దాక్కుంటుంది, నొప్పి పెరుగుతుంది. పరుగు వీడియోలు స్లో మోషన్‌లో తీస్తే ఇంట్లో తీరిగ్గా చూసుకోవచ్చు.

మూడో పని: వీడియో చదవడం

కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద, 40 శాతం వెనక కాళ్ల మీద ఉంటుంది. ముందు కాలికి నొప్పి ఉంటే, ఆ కాలు నేల తాకిన క్షణంలో తల పైకి లేస్తుంది, మంచి కాలు పడినప్పుడు కిందికి దిగుతుంది. చూసేవాళ్లు ఎక్కువగా తిరగేసి చెప్పేది ఇక్కడే. తల దిగినప్పుడు పడే కాలే నొప్పి కాలనుకుంటారు, నిజానికి అది మంచి కాలు.

వెనక కాలికి తల కన్నా తుంటి చూడాలి. వెనక నుంచి తీసిన వీడియోలో రెండు తుంటి ఎముకల ఎత్తూ గమనించండి. నొప్పి ఉన్న పక్క తుంటి ఎక్కువ ఎగిరి దిగుతుంది. కనబడకపోతే రెండు తుంటి ఎముకల మీదా రంగు టేపు ముక్క చెరొకటి అంటించి మళ్లీ తీయండి.

ఒక చిక్కు ఉంది. వెనక ఎడమ కాలు నొప్పి అయితే, అది పడేటప్పుడు కుక్క బరువుని ముందుకి నెడుతూ తల దించుతుంది. నెమ్మది పరుగులో అదే క్షణంలో ముందు కుడి కాలు పడుతుంది. తల మాత్రమే చూస్తే ముందు ఎడమ కాలు నొప్పి అనిపిస్తుంది. అందుకని తల ఊపు కనిపించగానే తేల్చేయకుండా, అదే పక్క తుంటిని కూడా చూసి తేల్చండి.

రెండు పక్కలా సమానంగా నొప్పి ఉంటే కుంటు కనబడదు. రెండు తుంటి కీళ్లూ వదులుగా ఉన్న లాబ్రడార్ పిల్ల ఏ కాలూ కుంటదు. పరుగులో వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతుంది, నడుము పక్కలకి ఊగుతుంది, అడుగులు పొట్టివవుతాయి, ఆట మధ్యలో కూర్చుండిపోతుంది. యజమాని దాన్ని బద్ధకం అంటాడు. ఆరు నెలల లాబ్రడార్‌కి బద్ధకం ఉండదు.

పక్క వీడియోలో ఇంకో రెండు చూడండి. పాదం పైకి లేపి ముందుకి వేస్తోందా, గోళ్లు నేలకి రాస్తూ ఈడుస్తోందా? ఈడుస్తుంటే మధ్య రెండు గోళ్ల కొసలు అరిగి ఉంటాయి. అది కీలు కన్నా నరాల వైపు చూపిస్తుంది. ఇక, నాలుగడుగులు మామూలుగా నడిచి, ఒక్కసారి వెనక కాలు పైకి మడిచి రెండు గెంతులు వేసి, కాలు వెనక్కి విదిలించి మళ్లీ మామూలుగా నడిస్తే మోకాలి చిప్ప పక్కకి జారుతోందని అనుమానించాలి. పమేరియన్, పగ్, షిట్జూల్లో ఇది ఎక్కువ.

ఫోను లేకపోయినా నేల సాక్ష్యం చెబుతుంది. పాదాలు తడిపి పొడి సిమెంటు మీద నడిపించండి, లేదా ఏటిగట్టు దిగువన తడి ఇసుకలో. నెమ్మది పరుగులో వెనక పాదం అదే పక్క ముందు పాదం ముద్ర మీదో, దగ్గర్లోనో పడాలి. ఒక పక్క అడుగు పొట్టిగా పడినా, ఒక ముద్ర లోతు తక్కువైనా, ముద్ర ముందు ఈడ్చిన గీత ఉన్నా ఫోటో తీసి ఉంచండి.

నాలుగో పని: చేత్తో చూడటం

పిల్లని పక్కకి పడుకోబెట్టి, ఒకరు తల దగ్గర కూర్చోవాలి. మంచి కాళ్లతో మొదలుపెట్టి అనుమానం ఉన్న కాలుని చివర్లో పట్టుకోండి. ముందే దాన్ని నొక్కితే మిగతా మూడూ ముట్టుకోనివ్వదు. నొప్పి వేస్తే మీ సొంత కుక్కయినా కరుస్తుంది. మెత్తటి గుడ్డ పీలికతో మూతికి వదులుగా కట్టు వేసుకోవడం తప్పేమీ కాదు.

పాదం నుంచి పైకి వెళ్లండి. మన దగ్గర కుంటుల్లో చాలావరకు పాదంలోనే తేలిపోతాయి. వేళ్ల సందులు విప్పి టార్చి వేసి చూడండి. ఒండ్రు బంకమట్టి వేళ్ల మధ్య వెంట్రుకలని కలుపుకుని ఎండి, గోలీ అంత ఉండలా గట్టిపడి ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా అది చర్మాన్ని లాగుతుంది. పీకకండి, గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు నానబెడితే తనే కరుగుతుంది. అరికాలి మెత్త మీద చిన్న నల్లచుక్క ఉండి, అక్కడ వేలితో నొక్కగానే కాలు లాక్కుంటే పల్లేరు ముల్లో తుమ్మ ముల్లో విరిగి లోపల ఉంది. కొస పైకి కనబడితే చిమటాతో తీసి ఉప్పునీళ్లతో కడగండి. కనబడకపోతే సూదితో కెలకొద్దు. కోసిన వరి దుబ్బులు గుచ్చుకున్న గాయం పైన చిన్నదిగా ఉండి లోపల చీము పడుతుంది. చెరువుల దగ్గర తిరిగే పిల్లలకి నత్తగుల్లల పెంకులు కోసుకుంటాయి. ఎండగట్టిన చెరువులో చల్లిన సున్నం, బ్లీచింగు పౌడరు తొక్కితే మెత్తలు ఎర్రబడి పొరలు లేస్తాయి. పొడిని ముందు గుడ్డతో దులిపేసి, ఆ తర్వాత ధారగా నీళ్లు పోసి కడగాలి. నడవకుండా ఇంట్లోనే పెరిగే పిల్లకి లోపలి వైపు ఐదో గోరు గుండ్రంగా తిరిగి చర్మంలోకి దిగుతుంది, అదీ చూడండి.

తర్వాత ఒక్కో ఎముకనీ బొటనవేలితో నిలువునా నొక్కుకుంటూ, ఒక్కో కీలునీ మెల్లగా మడిచి చాపుతూ వెళ్లండి. రెండు పక్కలా పోల్చడమే కొలత. ఒక కీలు రెండోదానికన్నా వెచ్చగా ఉందా, లావుగా ఉందా, తక్కువ వంగుతోందా? దర్జీ టేపుతో తొడ పైభాగం చుట్టుకొలత రెండు కాళ్లకీ తీయండి. మూడుసార్లు కొలిచినా సెంటీమీటరు తేడా వస్తుంటే ఆ కాలుని చాలా రోజులుగా వాడటం లేదని అర్థం.

నిలబెట్టి, పాదాన్ని వెనక్కి మడిచి పైభాగం నేలకి ఆనేలా పెట్టండి. వెంటనే సరిచేసుకోవాలి. అలాగే మడతపడి ఉండనిస్తే నరాల సమస్య, ఆలస్యం చేయకండి.

చివరగా జ్వరం. డిజిటల్ థర్మామీటరు కొసకి కొబ్బరినూనె రాసి మలద్వారంలో రెండు సెంటీమీటర్లు పెట్టి చూడాలి. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. ఆట, ఎండ లేకుండా 103 దాటితే జ్వరం. ముక్కు పొడిగా ఉందా, చెవులు వేడిగా ఉన్నాయా అని చూసి చెప్పే జ్వరాన్ని నమ్మకండి.

వయసుని బట్టి అనుమానం

ఆరు వారాల నుంచి నాలుగు నెలల లోపు: ముందు కాళ్ల మణికట్లు కిందికి కుంగిపోయి అరచేయి అంతా నేలకి ఆనినట్టు నడిచినా, మణికట్టు ముందుకి విల్లులా వంగినా, జారే నేలా తేడా తిండీ ఎక్కువసార్లు కారణం. గరుకు నేల మీద, సరైన పిల్లల తిండితో కొద్ది వారాల్లో నిలబడుతుంది. బద్దలు కట్టి బిగిస్తే కండ ఇంకా సన్నబడుతుంది.

రెండు నుంచి ఆరు నెలలు, పెద్ద జాతి, మణికట్టుకి కాస్త పైన వాపు, జ్వరం, లేవనంటుంది: ఎముక పెరిగే చోట వాపు జబ్బు. ఆ రోజే చూపించండి.

నాలుగు నుంచి పది నెలలు, లాబ్రడార్, రాట్‌వీలర్, జర్మన్ షెపర్డ్, ముందు కాళ్ల పాదాలు బయటికి తిరిగి మోచేయి బిర్రుగా: మోచేయి కీలు సరిగా కుదరకపోవడం. ఇదే వయసులో భుజం కీలు మృదులాస్థి కూడా దెబ్బతింటుంది.

ఐదు నెలల నుంచి ఏడాదిన్నర, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్, ఈ వారం ముందు కాలు, వచ్చే వారం వెనక కాలు: ఎముక లోపలి వాపు. పొడవాటి ఎముక మధ్యలో నొక్కితే అరుస్తుంది. దానంతట అది తగ్గే జబ్బే, కానీ కుంటు కాలు మారడం పిడుదుల (గోమార్ల) జ్వరంలోనూ ఉంటుంది.

మన డెల్టాలో ముందు పిడుదులనే తోసిపుచ్చుకోవాలి. గోమార్లు చెవి లోపల, మెడపట్టీ కింద, వేళ్ల సందుల్లో దాక్కుంటాయి. వాటి ద్వారా ఎక్కే ఎర్లీకియా అనే క్రిమి కీళ్లలో వాపు తెస్తుంది. జ్వరం, తిండి మానేయడం, పాలిపోయిన చిగుళ్లు, బిగుసుకున్న నడక కలిసి వస్తే రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు, స్మియర్ (గాజు పలక మీద పూసిన రక్తపు చుక్క) చూడమనండి. దీనికి డాక్సీసైక్లిన్ సాధారణంగా నాలుగు వారాలు రాస్తారు. ఐదో రోజుకి పరిగెడుతోందని ఆపేసేవాళ్లే ఎక్కువ, తిరగబెట్టేదీ వాళ్ల కుక్కలకే. ఆ పిడుదు గోడ పగుళ్లలో, పెంకుల సందుల్లో గుడ్లు పెడుతుంది, కాబట్టి కుక్కకి ఒక్కదానికే మందు వేసి లాభం లేదు.

టీకాలు పడని పిల్లకి జలుబు, విరేచనాలు తగ్గాక ఒక కాలు నిద్రలో కూడా ఆగకుండా లయగా కొట్టుకుంటుంటే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు. అది కుంటు కాదు.

అరుగు మీంచి పడిన పిల్ల, బండి తగిలిన పిల్ల రెండు రోజుల్లో మామూలుగా నడిచినా నెలన్నర పాటు కనిపెట్టండి. మణికట్టు దగ్గర ఎముక పెరిగే పొర దెబ్బతింటే ఒక ఎముక ఆగిపోయి రెండోది పెరుగుతూ, కాలు మెల్లగా వంకర తిరుగుతుంది. వారానికోసారి ఎదురుగా నిలబెట్టి ఫోటో తీస్తే ముందే తెలుస్తుంది.

కాల్షియం సీసా పక్కన పెట్టండి

పిల్ల కుంటితే మందుల షాపు నుంచి కాల్షియం సిరప్ తేవడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. కంపెనీ తిండి తినే పెద్ద జాతి పిల్లకి ఇది నేరుగా హాని. ఆరు నెలల లోపు పిల్ల పేగు ఎక్కువైన కాల్షియాన్ని అడ్డుకోలేదు, అదంతా ఎముకలోకి చేరి కీళ్లని చెడగొడుతుంది. ఉత్త పెరుగన్నం, ఎముకల్లేని కోడిమాంసంతో పెరిగే పిల్లది దీనికి ఎదురు కథ. మాంసంలో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. శరీరం ఎముకలోంచి కాల్షియం లాగేస్తుంది, కాళ్లు వంగుతాయి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. అక్కడ కాల్షియం కావాలి, కానీ ఎంతో తిండి లెక్క చూసి డాక్టరే చెప్పాలి. గుడ్డు పెంకు మెత్తటి పొడి ఒక టీస్పూనులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, అంటే ఊరికే చల్లేసేది కాదు. ఎండలో కట్టేస్తే డి విటమిన్ వస్తుందన్నది మనుషుల సంగతి. కుక్క చర్మం సరిపడా తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి.

డాక్టరు దగ్గరికి

పాదంలో కారణం దొరక్కపోతే, ప్రమాద లక్షణాలు లేకపోతే రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఇవ్వండి. దొడ్డికి తాడు మీదే తీసుకెళ్లాలి, మెట్లు, ఆట, బండి మీద ముందు నిలబెట్టుకోవడం ఏవీ వద్దు. తగ్గకపోతే, తగ్గి మళ్లీ వస్తే వెళ్లండి. ఈలోపు ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముక్క విరిచి వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పెట్టి, కిడ్నీలు పాడుచేస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది. పైగా నొప్పి చచ్చిన కాలుని డాక్టరు ఎంత నొక్కినా ఏమీ దొరకదు. ఏదైనా వేసేసి ఉంటే దాచకుండా చెప్పండి. దాని మీద స్టిరాయిడ్ సూది పడితే కడుపులో రక్తస్రావం కావచ్చు.

వీడియోలు, ఎప్పటి నుంచి, ఏ కాలు, ఏ వేళ, జ్వరం అంకెలు, ఏం తింటోంది, టీకాల కార్డు తీసుకెళ్లండి. తుంటి ఎక్స్‌రేకి పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు సమంగా చాపాలి, మత్తు లేకుండా అది కుదరదు. పట్టుకుని తీసిన వంకర ఫిల్ము మీద తుంటి బాగుందని చెప్పలేరు. ఎంతసేపు పస్తు ఉంచాలో ముందే అడగండి, చిన్న పిల్లకి తక్కువ గంటలు. రెండు కాళ్లకీ తీయమనండి. ఎముక లోపలి వాపు మొదటి రోజుల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, రెండు మూడు వారాల తర్వాత మళ్లీ తీయాల్సి వస్తుంది. ఊళ్లో తేలకపోతే గన్నవరం పశువైద్య కళాశాలకి రాయించుకోవచ్చు. తుంటి వదులుకి చేసే ఒక చిన్న ఆపరేషను 12 నుంచి 20 వారాల వయసులోనే పనికొస్తుంది, పెద్దయ్యాక చూద్దాంలే అంటే ఆ దారి మూసుకుపోతుంది.

తిరిగొచ్చాక ఇంట్లో మార్చాల్సింది నేల. తిరిగే దారంతా కొబ్బరిపీచు పట్టాలో, తడిపి పిండి పరిచిన గోనెసంచులో వేయండి. అరికాళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరిస్తే పట్టు దొరుకుతుంది. బరువు పెరగనివ్వొద్దు. పక్కటెముకలు కంటికి కనబడకూడదు, చేత్తో తడిమితే తేలిగ్గా తగలాలి. లాబ్రడార్లని జీవితాంతం గమనించిన ఒక పరిశోధనలో 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల అరుగుదలా ఆలస్యంగా వచ్చింది. ఈత తుంటికి మంచిదే, కానీ నిండుగా పారే కాలువలో వద్దు, జారుడు గట్టు ఎక్కేటప్పుడే కాలు మెలిపడుతుంది. నడక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రోజుకి రెండుసార్లు ఐదేసి నిమిషాలు, తాడు మీద. మర్నాడు ఉదయం బిర్రుగా లేవకపోతే వారానికి రెండు నిమిషాలు పెంచండి. లేస్తే ముందటి వారం లెక్కకి దిగండి. పదిహేను రోజులకోసారి అదే రోడ్డు మీద, అదే వేళకి, అదే ఎత్తులో ఫోను పట్టుకుని మళ్లీ వీడియో తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి.